మీ ఊరి పార్కుకు ప్రభుత్వ గ్రాంటు తెప్పించడం ఎలా? అమెరికాలో ఉంటున్న తెలుగువారి కోసం

అమెరికా శివారు పట్టణాల్లో ఇళ్ల వెనక కనిపించే చెట్ల గుంపు, రోడ్డు మలుపులోని పాత పొలం, వాగు పక్కన గడ్డి నేల ఎల్లకాలం అలాగే ఉండిపోవు. బడులు బాగుంటాయన్న పేరు వచ్చిన ఊళ్లలో మరీను. ఒక రోజు అక్కడ రీజోనింగ్, అంటే నేల వాడకం మార్చబోతున్నామన్న బోర్డు వెలుస్తుంది. కొన్నాళ్లకు బుల్డోజర్లు దిగుతాయి. అప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో అయ్యో అనుకునేవారికి కొదవ ఉండదు. అలాంటి నేలను పిల్లలు ఆడుకోవడానికి, మన దగ్గర నుంచి వచ్చిన అమ్మానాన్నలు సాయంత్రం నడవడానికి, పక్షులు గూళ్లు కట్టుకోవడానికి శాశ్వతంగా నిలబెట్టే ప్రభుత్వ సొమ్ము ఒకటి ఉందని, దాన్ని ఊరికి రప్పించే పనిలో మామూలు నివాసులు చేయగలిగింది చాలా ఉందని తెలిసినవారు మాత్రం తక్కువ. ఆ పని ఎలా చేయాలో వరుసగా చెబుతాను. దీనికి పౌరసత్వం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఊరి కౌన్సిల్ సమావేశంలో లేచి మాట్లాడడానికి ఆ ఊళ్లో ఉంటున్నారన్నదే అర్హత.

ముందు డబ్బు ఎక్కడిదో తెలుసుకోండి

ఈ సొమ్ముల్లో పెద్దది ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్. ఎల్‌డబ్ల్యూసీఎఫ్ అంటారు. 1964 సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో చట్టమైంది. ఇందులో జమయ్యేది మీరు కట్టే ఆదాయపు పన్ను కాదు. సముద్రంలో చమురు, సహజవాయువు తీసే కంపెనీలు కేంద్ర ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీల్లోంచి వచ్చే డబ్బు. తవ్వుకుంటే తరిగిపోయే సంపదకు బదులుగా తరగని సంపదను ప్రజలకు మిగల్చాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన. ఏటా 90 కోట్ల డాలర్ల వరకు ఇవ్వవచ్చని చట్టంలో రాసుకున్నా, దశాబ్దాల పాటు కాంగ్రెస్ అందులో చాలా భాగాన్ని వేరే ఖర్చులకు మళ్లించింది. 2019లో నిధిని శాశ్వతం చేశారు. 2020 ఆగస్టులో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టంతో ఏటా ఆ 90 కోట్లూ కేటాయించాల్సిందేనని తేల్చారు.

అందులో కనీసం 40 శాతం రాష్ట్రాలకు చేరాలి. నేషనల్ పార్క్ సర్వీస్ ద్వారా రాష్ట్రాలకు, రాష్ట్రాల నుంచి కౌంటీలకు, పట్టణాలకు వస్తుంది. ఇప్పటివరకు దేశమంతటా 45 వేలకు పైగా స్థానిక పనులు ఈ డబ్బుతో జరిగాయి. మీ పిల్లలు ఊయల ఊగే పార్కు కూడా వాటిలో ఒకటి కావచ్చు.

దీనికి తోడు రాష్ట్రాలకు సొంత పథకాలున్నాయి. న్యూజెర్సీలో గ్రీన్ ఏకర్స్ 1961 నుంచి నడుస్తోంది. నార్త్ కరోలినాలో పార్క్స్ అండ్ రిక్రియేషన్ ట్రస్ట్ ఫండ్ ఉంది. టెక్సస్‌లో ఆటసామాన్ల అమ్మకపు పన్నును పార్కులకు, చారిత్రక స్థలాలకు కేటాయించాలని 2019 నవంబరులో ఓటర్లే రాజ్యాంగ సవరణ ద్వారా తేల్చారు. అక్కడి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఊళ్లకు గ్రాంట్లు ఇస్తుంది. కాలిబాటలు మాత్రమే కావాలనుకుంటే రిక్రియేషనల్ ట్రైల్స్ ప్రోగ్రాం అని ఇంకొకటి. ఇవన్నీ ఒక్కసారిగా బుర్రకెక్కించుకోవాల్సిన పనిలేదు. మీ రాష్ట్ర పార్కుల శాఖ వెబ్‌సైటులో గ్రాంట్ల పేజీ తెరిచి, ఏ పథకానికి దరఖాస్తు గడువు ఏ నెలలో ఉంటుందో రాసుకోండి. గడువు దాదాపు ఏటా అదే కాలంలో వస్తుంది కాబట్టి, మీ పని అంతకు ఏడాది ముందే మొదలు కావాలి.

అడగాల్సింది మీరు కాదు, ఊరు

ఇక్కడే చాలామంది నిరుత్సాహపడతారు. ఎల్‌డబ్ల్యూసీఎఫ్ డబ్బు వ్యక్తులకు రాదు, తెలుగు సంఘానికి రాదు, క్రికెట్ క్లబ్బుకూ రాదు. రాష్ట్రం, కౌంటీ, పట్టణం, పార్కుల జిల్లా, గుర్తింపు పొందిన ఆదివాసీ ప్రభుత్వం మాత్రమే దరఖాస్తు చేయాలి. కొన్ని పథకాల్లో సడలింపు ఉంది. గ్రీన్ ఏకర్స్ లాభాపేక్ష లేని సంస్థలకూ ఇస్తుంది. మసాచుసెట్స్‌లో 2000 నాటి కమ్యూనిటీ ప్రిజర్వేషన్ చట్టాన్ని ఒప్పుకున్న ఊళ్లు ఆస్తి పన్ను మీద 3 శాతం వరకు సర్‌చార్జి వసూలు చేసి, ఒక స్థానిక కమిటీ సిఫారసుతో ఖర్చు చేస్తాయి. ఆ కమిటీ ముందుకు నివాసులు, స్థానిక బృందాలు నేరుగా ప్రతిపాదనలు తీసుకెళ్లడం మామూలే. మిగతా చోట్ల మాత్రం దారి ఊరి ప్రభుత్వం గుండానే.

నిజానికి ఇది మన మేలుకే. పార్కును చూసుకునే బాధ్యత రేపు ఊరిదే కాబట్టి, అడిగేదీ ఊరే అయితే పని నిలుస్తుంది. మీరు చేయాల్సింది ఊరికి అడగాలనిపించేలా చేయడం, అడగడానికి కావలసిన సరంజామా అమర్చిపెట్టడం.

మొదట పార్కుల శాఖ డైరెక్టరును కలవండి. ఈమెయిలు చాలదు, అరగంట సమయం అడిగి వెళ్లండి. చిన్న పట్టణాల్లో ఆ శాఖలో పనిచేసేది నలుగురైదుగురే. ఈత పాఠాలు, వేసవి శిబిరాలు, గడ్డి కోయించడం అన్నీ వాళ్లవే. గ్రాంటు దరఖాస్తు రాయాలని ఉన్నా తీరిక ఉండదు. ఆ గదిలోకి కోరికల జాబితాతో కాదు, మీరు చేసిపెట్టగల పనుల జాబితాతో వెళ్లండి. సర్వే చేస్తాం, ఇరుగుపొరుగు వాళ్లతో ఉత్తరాలు రాయిస్తాం, సమావేశానికి జనాన్ని తీసుకొస్తాం, మా బృందంలో మ్యాపులు గీయడం వచ్చినవాళ్లున్నారు, ఖర్చు లెక్కలు వేయగలిగినవాళ్లున్నారు అని చెప్పండి. మనవాళ్లలో ఇంజినీర్లకు, డేటా పనివాళ్లకు కరవు లేదు కదా. మూడు ప్రశ్నలు మాత్రం తప్పకుండా అడగండి. ఇదివరకు ఈ గ్రాంటుకు ఎప్పుడు దరఖాస్తు చేశారు? వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదన్నారు? పార్కుల మాస్టర్ ప్లాన్ ఎప్పుడు రాశారు, మళ్లీ ఎప్పుడు తిరగరాస్తున్నారు?

క్రికెట్ గురించి ఒక మాట

మనవాళ్లు పార్కుల శాఖ గడప తొక్కేది ఎక్కువగా క్రికెట్ కోసమే. కోరిక న్యాయమైనదే. నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ పట్టణం తన చర్చ్ స్ట్రీట్ పార్కులో క్రికెట్ మైదానం కట్టింది. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచులు అక్కడ జరిగాయి. ఊరు సొంతంగా కట్టుకున్న మైదానం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి ఆ పేరు మీ డైరెక్టరు దగ్గర వాడుకోండి.

కానీ నిండు క్రికెట్ మైదానానికి దాదాపు 4 ఎకరాల చదును నేల కావాలి. ఆ నేలంతా వారాంతాల్లో రెండు జట్లకే పనికివస్తుందంటే గ్రాంటు మార్కులు వేసేవారు మొగ్గు చూపరు. అదే మైదానం చుట్టూ నడకదారి, దారి పొడవునా నీడ, రెండు వందల అడుగులకొక బెంచీ, ఒక పక్కన పిల్లల ఆటస్థలం, మరో పక్కన కదిలించకుండా వదిలేసిన అడవి ఉంటే సంగతి వేరు. ఆ అడవి ముక్కను బేరంలో వదులుకునే వస్తువుగా చూడకండి. వాన నీటిని పీల్చుకునేది, వేసవిలో ఆ వీధిని చల్లబరిచేది అదే. పైగా భూసంరక్షణ గ్రాంట్లలో దానికే మార్కులు ఎక్కువ.

నడకదారి గురించి గట్టిగా ఎందుకు అంటున్నానంటే, మన ఇళ్లకు వచ్చే పెద్దవాళ్లను చూడండి. ఆరు నెలలు ఉండడానికి వస్తారు. కారు నడపరు. పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్లాక ఆ ఇంట్లో గోడలే దిక్కు. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో నీడ, బెంచీ, శుభ్రమైన టాయ్‌లెట్ ఉన్న పార్కు ఉంటే వారికి రోజంతా మారిపోతుంది. తోటి వయసువారు కలుస్తారు, మాట్లాడుకుంటారు. నడకసాయం కావలసిన అమెరికన్ ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు కావలసిందీ అదే. మీ ఇంటి అవసరం, ఎదురింటి అవసరం ఎక్కడ కలుస్తాయో అక్కడ పట్టుకుంటే మీ ప్రతిపాదన ఒక సంఘం కోరికగా కాక ఊరి అవసరంగా నిలబడుతుంది.

నేల ఎవరిదో వెతకండి

కౌంటీ వెబ్‌సైటులో పార్సెల్ మ్యాపు ఉంటుంది. మీరు అనుకున్న స్థలం మీద నొక్కితే యజమాని పేరు, ఎకరాలు, పన్ను కోసం కట్టిన విలువ, జోనింగ్ (ఆ నేలను దేనికి వాడవచ్చన్న నియమం) కనిపిస్తాయి. ఊరిదే అయితే పని సులువు. కొనుగోలు ఊసే లేకుండా కేవలం నిర్మాణానికి గ్రాంటు అడగవచ్చు. ప్రైవేటుదైతే కొనుగోలు గ్రాంటు కావాలి. అమ్మడానికి యజమాని తనంత తాను ఒప్పుకున్న స్థలమైతేనే ముందుకు వెళ్లడం మేలు. ఇష్టం లేనివారి నేల మీద కన్నేసిన పార్కుకు ఊళ్లో మద్దతు దొరకదు.

కేంద్ర విపత్తుల సంస్థ ఫెమా వారి వరద మ్యాపు కూడా తెరిచి చూడండి. వరద పరిధిలోని నేల బిల్డర్లకు పెద్దగా పనికిరాదు కాబట్టి చవకగా దొరుకుతుంది. కాలిబాటకు, పక్షులకు, వాగు గట్టుకు అది ఎంతో అనువైనది. టాయ్‌లెట్లు, షెల్టర్లు మాత్రం మెరక మీద పెట్టాలి.

కొనుగోలులో తొందర పనికిరాదు. ధరను లైసెన్సున్న అప్రైజరు, అంటే ఆస్తి విలువ కట్టే నిపుణుడు నిర్ణయించాలి. గ్రాంటు ఒప్పందం కుదరక ముందే ఊరు నేల కొనేస్తే ఆ ఖర్చు సాధారణంగా లెక్కలోకి రాదు. యజమాని ఆగలేని పరిస్థితి ఉంటే, కొనడానికి ముందే ఈ గ్రాంట్లు చూసే రాష్ట్ర కార్యాలయం ద్వారా ప్రత్యేక అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇలాంటి సందుల్లోనే ల్యాండ్ ట్రస్టులు, అంటే నేలను కాపాడడానికే పనిచేసే లాభాపేక్ష లేని సంస్థలు ఆదుకుంటాయి. 1972లో పుట్టిన ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ వంటి సంస్థలు యజమానితో బేరం కుదిర్చి, కొన్నిసార్లు తామే నేలను కొని, ఊరికి గ్రాంటు వచ్చేదాకా అట్టేపెట్టి అప్పగిస్తాయి. మీ కౌంటీలోనూ చిన్న ల్యాండ్ ట్రస్టు ఉండే అవకాశం ఎక్కువ. పాత రైతు కుటుంబాలతో మాట్లాడడం వారికి బాగా తెలుసు. ఆ మాటలు వారికే వదిలేయండి.

ప్రణాళికలో మీ మాట పడాలి

ఎల్‌డబ్ల్యూసీఎఫ్ సొమ్ము అందుకోవాలంటే ప్రతి రాష్ట్రం 5 ఏళ్లకోసారి బహిరంగ వినోద ప్రణాళిక రాసుకోవాలి. స్కార్ప్ అంటారు. రాష్ట్రంలో జనానికి ఏం కావాలి, ఏ ప్రాంతంలో కొరత ఉంది అన్నది అందులో ఉంటుంది. గ్రాంటు దరఖాస్తు ఆ ప్రణాళికలోని అవసరాలకు ముడిపడాలి. ఊరి స్థాయిలో పార్కుల మాస్టర్ ప్లాన్ అలాంటిదే. మీరు కోరుతున్న పార్కు గురించి ఆ ప్లానులో ఒక్క వాక్యమైనా ఉంటే దరఖాస్తు బలం పెరుగుతుంది. లేకపోతే ఎంత మంచి ఆలోచనైనా నిన్న పుట్టిన కోరికలాగే కనిపిస్తుంది.

కాబట్టి ప్లాన్ తిరగరాస్తున్నప్పుడు వచ్చే సర్వేను వదలకండి. మన ఇళ్లలో ఇలాంటి సర్వేలకు జవాబివ్వడం తక్కువ. అందుకే ఆ పత్రాల్లో మన అవసరాలు కనిపించవు. మీ వీధిలో ప్రతి ఇంటితో నింపించండి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల తరఫున కూర్చుని వారు చెప్పింది రాయండి. ప్లాన్ ముసాయిదా బయటపెట్టాక అభిప్రాయాలకు గడువిస్తారు. అప్పుడు ఫలానా పేజీలో ఫలానా పేరాకు ఈ వాక్యం చేర్చండి అని, ఆ వాక్యాన్నే రాసి పంపండి. సిబ్బందికి అన్నిటికంటే పనికొచ్చే అభిప్రాయం అలాంటిదే. ఈ పని చేసిన రోజు ఎవరూ మెచ్చుకోరు. గ్రాంటు గడువు వచ్చిన రోజు దాని విలువ తెలుస్తుంది.

మార్కుల పట్టికను ముందు పెట్టుకుని కూర్చోండి

రాష్ట్రాలు దరఖాస్తులను పాయింట్ల ప్రకారం వరుసలో పెడతాయి. ఆ పట్టికను బహిరంగంగానే ఉంచుతాయి. దాన్ని అచ్చు తీసి, మీ ప్రతిపాదనకు మీరే కఠినంగా మార్కులు వేసుకోండి. ఎక్కడ తక్కువో అక్కడ పనిచేయండి. చాలా పట్టికల్లో జనాభిప్రాయ సేకరణకు గట్టి మార్కులుంటాయి. సమావేశం పెట్టామంటే చాలదు, హాజరు పట్టీ, తేదీ, జనం చెప్పినదాని వల్ల ప్లానులో ఏం మారిందో చూపాలి. సమావేశాన్ని ఊరి హాలులోనే కాక అపార్టుమెంటు సముదాయంలో, బడిలో, గుడి లేదా చర్చి పక్కన కూడా పెట్టించండి. మనవాళ్లు, సాకర్ తల్లిదండ్రులు, పక్షులను చూసేవాళ్లు, సీనియర్ సెంటరు సభ్యులు ఒకే గదిలో కూర్చుంటే ఆ ఫొటో దరఖాస్తుకు ఎంతో బలం.

మద్దతు ఉత్తరాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎక్కువ ఉత్తరాలు ఇలా ఉంటాయి: మా సంఘంలో ఇన్ని వందల కుటుంబాలున్నాయి, ఈ పార్కును మేము పూర్తిగా సమర్థిస్తున్నాం. ఇలాంటివి యాభై పంపినా ఒకటి పంపినా ఒకటే. బరువున్న ఉత్తరం వేరుగా ఉంటుంది. మా వీధి నుంచి దగ్గరి పార్కుకు వెళ్లాలంటే నాలుగు వరుసల రోడ్డు దాటాలి, అక్కడ సిగ్నల్ లేదు, పేవ్‌మెంటు సగంలో ఆగిపోతుంది, మా మామగారు వారానికి ఒక్కసారి మేము కారులో తీసుకెళ్తేనే పార్కు చూస్తారు, ఈ కొత్త స్థలం మా ఇంటి నుంచి ఆరు నిమిషాల నడక. చదివేవారికి ఆ రోడ్డు కళ్లముందు కనిపించాలి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఒకే నమూనాను అందరూ నకలు చేసి పంపితే మొదటిదానికున్న విలువ కూడా పోతుంది.

కౌన్సిల్ ముందు మాట్లాడేటప్పుడు మీకు సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. పేరు, ఉండే వీధి, ఒకే ఒక్క విన్నపం. ఫలానా గ్రాంటుకు దరఖాస్తు చేయడానికి తీర్మానం చేయండి అని స్పష్టంగా అడగండి. పదిమంది మాట్లాడినా పదిమందీ అదే అడగాలి.

సగం వాటా ఎక్కడి నుంచి?

ఎల్‌డబ్ల్యూసీఎఫ్ గ్రాంటు ఖర్చులో సగానికి మించి ఇవ్వదు. మిగతా సగం స్థానికంగా రావాలి. పైగా ఇది ఖర్చు పెట్టాక తిరిగి ఇచ్చే సొమ్ము. 8 లక్షల డాలర్ల పార్కు అనుకుంటే 4 లక్షలు గ్రాంటు, 4 లక్షలు ఊరివి. కానీ బిల్లులు ముందు ఊరే చెల్లించాలి, రసీదులు చూపాక సగం వెనక్కి వస్తుంది. ఫైనాన్స్ డైరెక్టరు మొదట అడిగేది ఇదే. జవాబు మీ దగ్గర ఉండాలి.

ఊరి బడ్జెట్, పార్కుల బాండు (పార్కుల కోసం ఊరు తీసుకునే అప్పు), కొత్త ఇళ్ల మీద వసూలు చేసే పార్కు రుసుము, దాత ఇచ్చిన నేల విలువ, విరాళాలు, స్వచ్ఛంద శ్రమ వంటివి వాటాగా చూపవచ్చు. ఊరి ఆధీనంలో ఎప్పటినుంచో ఉన్న నేలను వాటాగా చూపడం సాధారణంగా కుదరదు. ఇతర కేంద్ర గ్రాంట్లూ చాలావరకు చెల్లవు. కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు వంటి కొన్నిటికే మినహాయింపు. స్వచ్ఛంద శ్రమను చూపాలంటే మొక్కలు నాటిన ప్రతి మనిషి పేరు, తేదీ, గంటలు, సంతకం నమోదు చేసిన పుస్తకం ఉండాలి. తెలుగు సంఘాలు పండగ వేడుకల్లో విరాళాలు సేకరించి బెంచీలకు, చెట్లకు ఇవ్వడం చక్కని పద్ధతి. అయితే ఆ డబ్బుతో పార్కు మీద ప్రత్యేక హక్కులు రావు. వారాంతపు రిజర్వేషను అందరికీ ఒకే నియమం.

నిర్వహణ ఖర్చు గురించి అడగక ముందే చెప్పండి. కట్టడం ఒకసారి, ఊడ్చడం రోజూ. గడ్డి కోతకు, చెత్తకు, టాయ్‌లెట్లకు ఏటా ఎంత అవుతుందో సిబ్బందితో కలిసి లెక్క వేయించి కౌన్సిల్ ముందు పెడితే సగం అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి.

దరఖాస్తులో అసలు కీలకం ఒక మ్యాపు

కాగితాలు చాలానే ఉంటాయి. కౌన్సిల్ తీర్మానం, సైట్ ప్లాన్, ఖర్చుల అంచనా, పర్యావరణ సమీక్ష, చారిత్రక అవశేషాల పరిశీలన, దివ్యాంగులకు అనువైన దారుల వివరాలు, కేంద్ర గ్రాంట్లు అందుకునేవారు నమోదు చేసుకోవాల్సిన ప్రభుత్వ సామ్ వెబ్‌సైటులో ఊరి నమోదు. నమోదు గడువు తీరిపోయి ఉంటే పునరుద్ధరణకు వారాలు పట్టవచ్చు కాబట్టి దాన్ని ముందే చూసుకోమని గుర్తు చేయండి. కొత్తగా వేసే కరెంటు తీగలు భూమిలోపల వేయాలన్న నియమం ఉంది, ఆ ఖర్చు అంచనాలో ఉండాలి. కమ్యూనిటీ హాలు వంటి ఇంటిలోపలి సౌకర్యాలకు ఈ డబ్బు రాదు.

వీటన్నిటిలో ఒక కాగితం దగ్గర కాసేపు ఆగండి. అది సరిహద్దు మ్యాపు. పార్కు పేరు, తేదీ, ఎకరాలు, చుట్టూ ఉన్న వీధుల పేర్లు, వాగులు, దాని గుండా పోయే పైపులైన్ల, తీగల హక్కులు, ఉత్తర దిక్కు బాణం, మ్యాపు స్కేలు, చుట్టూ ఒక మందపాటి గీత, కింద అధికారి సంతకం. చూడడానికి మామూలు కాగితమే. ఆ గీత లోపలి నేల మొత్తం చట్టంలోని 6(ఎఫ్) సెక్షను కిందికి వస్తుంది. అంటే అది ఎప్పటికీ ప్రజల బహిరంగ వినోదానికే. గ్రాంటు డబ్బుతో కట్టింది చిన్న ఆటస్థలమే అయినా, గీత లోపల ఉన్న పార్కంతా ఆ రక్షణలోకి వెళ్తుంది. తర్వాత ఎప్పుడైనా అక్కడ ఫైర్ స్టేషన్ కట్టాలన్నా, మరో పనికి వాడాలన్నా నేషనల్ పార్క్ సర్వీస్ అనుమతి కావాలి. అంతే విలువైన, అంతే ఉపయోగపడే మరో నేలను పార్కుగా ఇవ్వాలి.

నా దృష్టిలో ఈ గ్రాంటులో డబ్బుకంటే విలువైనది ఇదే. కౌన్సిళ్లు మారతాయి, మేయర్లు మారతారు, భూమి ధర పెరిగే కొద్దీ మంచి మనుషులకూ మనసు మారుతుంది. ఆ గీత మారదు. అందుకే కొందరు కౌన్సిల్ సభ్యులు వెనకాడతారు, చేతులు కట్టేసుకుంటున్నామని అంటారు. వారికి కోపంగా జవాబివ్వకండి. గీత ఎక్కడ గీయాలో ముందే ఆలోచించమని చెప్పండి. రేపు నీళ్ల ట్యాంకు అవసరమయ్యే మూల ఏదైనా ఉంటే దాన్ని రాష్ట్ర కార్యాలయంతో ఇప్పుడే చర్చించి నిజాయతీగా తేల్చుకోవచ్చు. అడవి ముక్క, వాగు గట్టు మాత్రం గీత లోపల ఉండేలా మీరు పట్టుబట్టండి. రాష్ట్ర పథకాల్లోనూ ఇలాంటి కట్టుబాట్లున్నాయి. గ్రీన్ ఏకర్స్ డబ్బు తీసుకున్న న్యూజెర్సీ ఊరు తన పార్కుల జాబితా మొత్తం ఇవ్వాలి, ఆ జాబితాలోని భూములన్నిటికీ రక్షణ వర్తిస్తుంది.

ఫలితం వచ్చాక

మొదటిసారి రాకపోవడం మామూలే. మార్కుల పత్రం అడిగి తీసుకోండి, రాష్ట్ర గ్రాంట్ల అధికారితో ఊరి సిబ్బందిని మాట్లాడించండి. తక్కువ పడిన రెండు మూడు అంశాలను సరిచేసి మరుసటి ఏడాది మళ్లీ వేయించండి. ఈలోగా మీ బృందం చెదిరిపోకుండా చూడడమే పెద్ద పని. ఆ స్థలం పక్కనే నెలకోసారి నడక పెట్టుకోండి, కొత్తగా ఊళ్లోకి వచ్చినవారిని పిలవండి.

వస్తే వెంటనే పని మొదలుపెట్టాలని ఉత్సాహం వస్తుంది. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా మట్టి కదపకూడదు. డిజైను, సర్వే వంటి కొన్ని ముందస్తు ఖర్చులకే మినహాయింపు. దరఖాస్తు నుంచి ప్రారంభోత్సవం దాకా రెండు మూడేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. పార్కు తెరిచాక బయటి ఊళ్లవారిని రావద్దనడానికి లేదు. రుసుము పెడితే బయటివారి నుంచి స్థానికులకంటే రెట్టింపు దాటి వసూలు చేయకూడదు. ఎల్‌డబ్ల్యూసీఎఫ్ డబ్బు వాడినట్టు బోర్డు పెట్టాలి. ఆ బోర్డు పోతే మళ్లీ పెట్టించండి, ఎందుకంటే పదేళ్ల తర్వాత వచ్చే సిబ్బందికి 6(ఎఫ్) సంగతి గుర్తు చేసేది అదే. అయిదేళ్లకోసారి తనిఖీ జరుగుతుంది. మీ బృందంలో ఒకరు సరిహద్దు మ్యాపు నకలు దాచి ఉంచాలి. సెల్ టవరుకు లీజు, రోడ్డు వెడల్పు వంటి అంశం కౌన్సిల్ అజెండాలో కనిపించిన రోజు ఆ నకలుతో వెళ్లి, దీనికి రాష్ట్ర కార్యాలయం ద్వారా నేషనల్ పార్క్ సర్వీస్ అనుమతి తీసుకున్నారా అని అడగాలి.

కొత్త పార్కు మాట తర్వాత, ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మీ ఊళ్లో ఇప్పటికే 6(ఎఫ్) రక్షణలో ఉన్న పార్కులు ఏవో, వాటి సరిహద్దు మ్యాపులు ఎక్కడున్నాయో పార్కుల శాఖను అడగండి. వారి దగ్గర లేకపోతే రాష్ట్ర ఎల్‌డబ్ల్యూసీఎఫ్ అధికారి దగ్గర ఉంటాయి. పాత మ్యాపుల్లో కొన్ని 1970ల నాటివి, చేత్తో గీసినవి. వాటిని స్కాన్ చేయించి ఊరి వెబ్‌సైటులో పెట్టించండి.